రెండు పొడుగు, ఒక పొట్టి

పెల్‌ఫోర్క్ ఊరిని టోర్నడో తాకదు. ఈ సంగతి దేవుడికి తెలుసో లేదో గానీ, మేయరు హాలిస్ ట్రెడ్‌వేకి మాత్రం బాగా తెలుసు. ఊరికి నైరుతి దిక్కున ఒక గుట్ట ఉంది. ఎంతటి గాలైనా ఆ గుట్టను చూసి జంకి, పక్క ఊరి మీదకు మళ్లుతుందని ఆయన వాదన. పక్క ఊరివాళ్లు కూడా తమ గుట్ట గురించి ఇదే మాట చెప్పుకుంటారన్నది ఆయన పట్టించుకోలేదు. రైలు స్టేషను దగ్గర ‘గాలి తల వంచే ఊరు’ అని పన్నెండు అడుగుల బోర్డు పెట్టించాడు. అమెరికాలోని దక్షిణ ఇల్లినాయి మొత్తంలో అంత పెద్ద అబద్ధం అంత చక్కటి అక్షరాల్లో ఇంకెక్కడా ఉండేది కాదు.

ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాంకు మేడ మీద ఉండేది. అక్కడ తొమ్మిదేళ్లుగా ఒంటరిగా కూర్చుని ఊరి మాటలన్నీ కలుపుతున్నది ఓర్ఫా డిల్లో. ఊళ్లో ఫోనున్న ముప్ఫై ఒక్క ఇళ్లకూ ఒకటే తీగ. ఒక్కో ఇంటికి ఒక్కో రకం గంట. ఐడెల్లా రెండిల్‌మన్ అనే పెద్దావిడది రెండు పొడుగు, ఒక పొట్టి. అయితే ఎవరి గంటైనా మోగేది అందరి ఇళ్లలోనూ. తన గంట కానప్పుడు రిసీవరు ఎత్తకపోవడం మర్యాద. పెల్‌ఫోర్క్ చాలా మర్యాదస్తుల ఊరు. పక్కవాళ్ల మాటలు వింటావా అని అడిగితే బైబిలు మీద చెయ్యేసి మరీ కాదంటారు.

ఓర్ఫాకి తెలియనిది కాదు. రిసీవరు ఎత్తిన ప్రతి ఇంటికీ తీగలో గొంతు కాస్త సన్నబడుతుంది. ఊరి కబుర్లన్నీ చేరే ఐడెల్లత్త గంట మోగిందంటే అవతలి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినపడేది. తీగలో ఊపిరి బరువుగా వినపడితే అది కమ్మరిది. వెనక గోడ గడియారం కొట్టుకుంటుంటే అది చర్చి పెద్ద జెరూషా పిక్రెల్ ఇల్లు. పిట్ట కూసిందంటే స్కూలు పక్కన పంతులమ్మకు గది అద్దెకిచ్చిన ముసలమ్మ. ఇవన్నీ ఓర్ఫా కడుపులోనే ఉండిపోయాయి. ఆపరేటరు చెవిన పడ్డది నోట్లోంచి రాకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి నియమం. ఆవిడ దాన్ని ప్రాణంలా పట్టుకుంది.

ఈ చెవుల బాధ పడలేకే మేయరు నిరుడు తన ఇంటికి విడి తీగ వేయించుకున్నాడు. డాక్టరుకూ హోటలుకూ కూడా అలాంటివే ఉన్నాయి. విడి తీగ ఉన్నవాళ్లు వీధిలో కొంచెం వేరుగా నడిచేవారు.

ఇక ఆపద వస్తే మోగించడానికి ఆగని పొడుగు గంట ఒకటుంది. అది మోగితే ఊరంతా ఫోనెత్తాలి. రెండేళ్ల కిందట ఒక నల్లమబ్బును చూసి ఓర్ఫా ఆ గంట కొట్టింది. జనం నేలమాళిగల్లో దూరారు. పడింది వడగళ్లు. ఫ్యాక్టరీకి స్థలం చూడ్డానికి వచ్చినవాళ్లు, గాలి తల వంచే ఊళ్లో జనం తలలు దాచుకోవడం చూసి, తర్వాతి రైలెక్కి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి మేయరు అనుమతి లేకుండా వాతావరణానికి పొడుగు గంట కొట్టరాదని స్విచ్‌బోర్డు పక్కనే కాగితం అంటించారు. ఊళ్లో చిన్న మబ్బు పట్టినా ‘ఓర్ఫా మబ్బు వచ్చిందిరోయ్’ అనడం అలవాటైపోయింది.

పందొమ్మిది వందల ఇరవై అయిదు, మార్చి పద్దెనిమిది. పొద్దుటి పేపర్లో వాన పడవచ్చు, గాలి దిశ మారవచ్చు అని రాశారు. మధ్యాహ్నం రెండున్నర దాటాక మిసిసిపీ ఒడ్డున ఉన్న ఊరు పలకడం మానేసింది. నాలుగు నిమిషాలకు దానికి ఇవతలి రైలు జంక్షను ఆపరేటరు, ‘ఓర్ఫా, ఇక్కడేదో’ అంటూ ఆగిపోయింది. తర్వాత ఎంత పిలిచినా ఏమీ లేదు. ఓర్ఫా హోటలుకు తీగ కలిపి మేయరును పిలిపించింది.

“మేయరు గారూ, నది దగ్గర్నుంచి రెండూళ్లు పలకడం లేదండీ. జంక్షనులో ఆ పిల్ల మాట మధ్యలో తెగిపోయింది. పొడుగు గంట కొట్టనా?”

“తీగ తెగి ఉంటుందిలే అమ్మాయ్.”

“రెండు చోట్లా? అయిదు నిమిషాల్లోనా?”

“చూడూ, సెయింట్ లూయీ నుంచి బూట్ల ఫ్యాక్టరీ వాళ్లొచ్చి ఇక్కడ కోడికూర తింటున్నారు. గుట్ట గురించి ఇప్పుడే మొదలెట్టాను. ఓ పక్క గుట్ట చూపిస్తూ ఇంకో పక్క గంట కొట్టించనా? నవ్విపోతారు.”

“మనుషులు పోతారండీ!”

“పోయినసారీ ఇదే అన్నావు. పోయింది నా ఫ్యాక్టరీ. కొట్టావంటే రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అంతే.”

ఓర్ఫా కిటికీలోంచి చూసింది. పుస్తకాల్లో వేసే గరాటా లాంటిదేమీ లేదు. గుట్ట వెనక నల్లటి పొగమంచు నేల మీద దొర్లుతోంది. అది గుట్ట ఎక్కి ఇటే దిగుతోంది. దారి మార్చుకునే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు.

కుర్చీ పోతే పోయింది. అసలు చిక్కు వేరే ఉంది. పొడుగు గంట కొడితే ఊరు కదలదు. ‘ఓర్ఫా మబ్బు’ అని నవ్వి మళ్లీ రొట్టెలు కాల్చుకుంటుంది. ఎదురుగా నిలబడి చెప్పిన మాటను పెల్‌ఫోర్క్ ఏనాడూ నమ్మలేదు. చాటుగా విన్నదాన్ని నమ్మకపోవడం ఏనాడూ జరగలేదు. ఓర్ఫా హ్యాండిలు పట్టుకుని రెండు పొడుగు, ఒక పొట్టి తిప్పింది.

“ఐడెల్లత్తా, ఒక్కదానివే ఉన్నావా?”

“ఒక్కదాన్నేనే తల్లీ. ఏంటి, గొంతలా ఉంది?”

“ఒక సంగతి చెప్తాను. చచ్చినా ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా సిస్టర్ జెరూషా చెవిన పడకూడదు.”

టక్, టక్, టక్. రిసీవర్లు లేచాయి. మిగతావాళ్లు కూడా ఎత్తేదాకా ఓర్ఫా ఆగింది. గడియారం వచ్చింది. పిట్ట వచ్చింది. కమ్మరి ఊపిరి వచ్చింది. తీగలో తన గొంతు తనకే వినపడనంత సన్నబడ్డాక, ప్రాణమంతా కూడదీసుకుని అరిచింది.

“టోర్నడో వస్తోందత్తా! గుట్ట దిగింది. అయిదు నిమిషాలు కూడా లేదు. రెండూళ్లు పోయాయి. మేయరుకి తెలుసు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేలమాళిగలోకి పో!”

ఐడెల్లత్త జీవితంలో మొదటిసారి తిరిగి ప్రశ్న వేయలేదు. ముప్ఫై రిసీవర్లు ఒక్కసారి దబదబా పడ్డాయి. ఎవరూ నోరెత్తలేదు. నోరెత్తితే విన్నట్టు ఒప్పుకోవాలి.

ఆ తర్వాత డాక్టరుకు చెప్పింది. మేయరు ఇంటికి గంట కొట్టింది, ఆయన భార్య లాటీ కోసం. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. మూడోసారి హ్యాండిలు తిప్పుతుండగా కిటికీ చట్రంతో సహా గదిలోకి వచ్చింది.

ఆ గాలి మిస్సోరీలో పుట్టి, ఇల్లినాయిని అడ్డంగా చీల్చి, ఇండియానాలోకి వెళ్లి గానీ చల్లారలేదు. మూడు రాష్ట్రాల్లో ఏడు వందల మంది దాకా పోయారు. పెల్‌ఫోర్క్‌లో నిలబడ్డ గోడలు తక్కువ, పోయిన మనుషులు పదకొండు మంది. స్కూలు పైకప్పు లేచిపోయినా పిల్లలు నలభై మందీ బొగ్గుల గదిలో బతికారు. ముసలమ్మ పిట్ట పంజరంతో సహా వీధి దాటి పరిగెత్తి పంతులమ్మకు చెప్పిందట. మేయరూ, బూట్ల ఫ్యాక్టరీ వాళ్లూ భోజనం బల్ల కింద బతికారు. ‘గాలి తల వంచే ఊరు’ బోర్డు ఇండియానాలో ఒక రైతు మొక్కజొన్న చేలో దొరికింది. ఆయన దాన్ని మర్యాదగా రైల్లో తిప్పి పంపాడు.

పోయిన పదకొండు మందిలో లాటీ ట్రెడ్‌వే ఉంది.

పది రోజుల తర్వాత మెథడిస్టు చర్చి కింది గదిలో ఊరివాళ్లందరినీ కూర్చోబెట్టారు. ఓర్ఫా విరిగిన చేతిని మెడలోంచి వేలాడదీసుకుని ముందు వరసలో కూర్చుంది. మేయరు కళ్లు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం పాతదే.

“పత్రికలవాళ్లు అడుగుతున్నారు, ఊరిని ఎందుకు హెచ్చరించలేదని. సమాధానం ఈవిడే. పొడుగు గంట కొట్టలేదు. ఊళ్లో ఒక్కరికి ఫోన్ చేసింది, తన స్నేహితురాలికి. ఈవిడ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలని, పదకొండు ప్రాణాలూ ఈవిడ లెక్కలో రాయాలని నా తీర్మానం.”

“వద్దన్నది మీరేనండీ. మీ ఇంటికీ గంట కొట్టాను, ఎవరూ ఎత్తలేదు,” అంది ఓర్ఫా.

“సాక్ష్యముందా? సరే, అదలా ఉంచు. నీ హెచ్చరిక ఇంకెవరికైనా అందిందా? చెప్పమను.”

డాక్టరు గాయపడ్డవాళ్లను వదిలి రాలేకపోయాడు. ఐడెల్లత్త తనకు అందిందని లేచి చెప్పింది. అది ఎలాగూ మేయరు అన్నమాటే. మిగతావాళ్లకు వేరే కారణాలు దొరికాయి. మోకాలు నొప్పిగా ఉండి నేలమాళిగలోకి దిగానని ఒకాయన అన్నాడు. ఆలుగడ్డల కోసం దిగానంది ఇంకొకామె. దేవుడు ప్రేరేపించాడన్నారు చాలామంది. ఆ మధ్యాహ్నం రెండూ నలభైకి పెల్‌ఫోర్క్‌లో ముప్ఫై ఇళ్లవాళ్లకు ఒక్కసారే ఆలుగడ్డలు కావలసి వచ్చాయి.

ఎవరెవరు ఎత్తారో ఓర్ఫా వరసగా పేర్లు చెప్పగలదు. నాలుక చివరిదాకా వచ్చాయి. మొదటి నియమం వాటిని అక్కడే ఆపింది.

మేయరు ఓటుకు పెట్టబోతుండగా జెరూషా పిక్రెల్ లేచింది. చెవులతో చేసే పాపాల గురించి ఆదివారం బడిలో పాఠాలు చెప్పే మనిషి ఆవిడ.

“నేను విన్నాను. పదకొండేళ్లుగా వింటున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, చాలా బాగుంటుంది.”

గది ఒక్కసారి కదిలింది. కమ్మరి లేచాడు. ముసలమ్మ లేచింది. నేనూ, నేనూ అని కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. “అయితే మా ఆయన కట్టుడు పళ్ల సంగతి ఊరంతా చెప్పింది నువ్వేనా!” అని వెనక వరసలో ఒక తగువు కూడా మొదలైంది. జెరూషా చెయ్యెత్తి వాళ్ల నోరు మూయించింది.

“మేయరు వద్దన్నాడని కూడా విన్నాను. ఓర్ఫా తీగలో అరిచింది. హాలిస్, నువ్వు ఇంట్లో ఫోనును ఆఫీసు గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతావు. ఆ అమ్మాయి నీ ఇంటికి గంట కొడుతూనే ఉంది. లాటీ ఎలా ఎత్తుతుంది?”

మేయరు తీర్మానం కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఆయన జెరూషా వైపు చూడలేదు. నడిచి వచ్చి ఓర్ఫా ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ఆ గొంతు మేయరుది కాదు.

“ఓర్ఫా, నువ్వు చెప్పమ్మా. పాత తీగే ఉంచి ఉంటే… మా లాటీ అలాంటి మనిషి కాదు. పక్కవాళ్ల గంటకు ఎత్తేదా?”

తొమ్మిదేళ్లలో ఓర్ఫా ఎవరి పేరూ బయటపెట్టలేదు. ఎత్తేది కాదని ఒక్క మాట అంటే ఆయన ఈ రాత్రి కాస్త నిద్రపోతాడు. ఆవిడకు జాలి వేసింది. కానీ లాటీ మీద ఇంకా ఎక్కువ జాలి వేసింది.

“ఎత్తేదండీ,” అంది. “అందరికంటే ముందు ఎత్తేది.”