చిమ్నీ ఉన్న చోటు

విమానం కూలిన పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి: మండుతున్న బట్టీ, అందులో మూడు లక్షల ఇటుక, దాని మీద నలభై అడుగుల రేకు చిమ్నీ, హాజరు పట్టీలో నలభై మంది కూలీలు. ఎనిమిదిన్నరకు పొగమంచులోంచి చప్పుడు వచ్చింది. కూలీలంతా అటు పరుగెత్తారు. నేను చిమ్నీ వైపు చూశాను.

కిందటేడు చిమ్నీ అక్కడ లేదు. పాతచోట మట్టి అయిపోతే, తిహార్ దీపాల పండగ వెళ్లగానే బట్టీని ఏడువందల మీటర్లు విమానాశ్రయం వైపు జరిపాను. అంత దగ్గర చిమ్నీ నిలపాలంటే విమానాశ్రయంవాళ్ల అనుమతి కాగితం కావాలి. అడిగితే ఇవ్వరు. కాబట్టి అడగలేదు.

పదమ్ ఘర్తి ఈ మధ్యే కొండల నుంచి బదిలీ మీద వచ్చాడు. తెల్లారి విమానాశ్రయం డాబా ఎక్కి, మంచులో ఎంత దూరం కనబడుతోందో చూసి చెప్పడం అతని ఉద్యోగం. పూస్ నెల చలిలో ఒకరోజు టీ కొట్టు దగ్గర అతనే అన్నాడు:

"సాహుజీ, మీ చిమ్నీయే నాకు అన్నం పెడుతోంది. మా గోడమీది పటంలో రాసుంది, బట్టీ చిమ్నీ పదహారు వందల మీటర్లని. అది కనబడితే విమానాన్ని దిగమంటాం, లేదంటే వెనక్కి పొమ్మంటాం. మీ మధేశ్ మైదానాల మంచులో ఇంకేం కనబడి చస్తుంది?"

"మరి దానికి జీతమేం ఇవ్వరా?" అన్నాను. కొట్టులో అందరూ నవ్వారు.

చిమ్నీ ఇప్పుడు తొమ్మిది వందల మీటర్లలోనే ఉందని ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే మర్నాడే నోటీసు వస్తుంది. ఇటుక పద్నాలుగు రూపాయలు పలుకుతున్న ఏడాదిలో బట్టీ ఆరిపోతుంది. మంచు ఇంకో పది రోజులే కదా అనుకున్నాను. అతని టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

ఆ పొద్దున పదమ్‌కి చిమ్నీ కనబడింది. దిగమన్నారు. పైలట్‌కి నేల కనబడేసరికి విమానం రన్‌వేకి ఇవతల కాలవగట్టును తాకింది. ముప్పై ఒక్క మంది పోయారు. నా కూలీల్లో బుధ్నీ సదా అనే ఆవిడ కాలవలోంచి పదకొండు శవాలను మోసింది.

విచారణ కమిటీ మూడు రోజుల్లో వస్తుందని తెలిసింది. రెండు రోజుల్లో చిమ్నీని పాతచోటికి లాగించాను. కింద దుంగలు, పైన మోకులు, నలభై మంది భుజాలు. మనిషికి ఐదొందలు, రాత్రికి అటుకులు, మేకమాంసం. వెయ్యి ఇటుకలు పోస్తేగానీ తొమ్మిదొందలు రాని కూలీలు, ఎవరూ ఎందుకని అడగలేదు. సగం కాలిన ఇటుకతో సహా కొత్త గుంత పూడ్పించి, పాత గుంతలో ఊక తగలబెట్టి పొగ లేపాను.

కమిటీవాళ్లు టేపుతో కొలిచారు. సరిగ్గా పటంలో ఉన్నంతే. అంత మంచులో ఇంత దూరం ఎలా కనబడిందని పదమ్‌ని అడిగారు.

"కనబడింది సార్. నా పిల్లలమీద ఒట్టు."

నిద్రలో కనబడిందేమో అన్నాడు ఒక అధికారి. పదమ్ నా వైపు చూశాడు. నేను చెప్పులకంటిన మట్టి దులుపుకున్నాను. సాయంత్రం పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

ఇక కమిటీ అడిగిన ఒక్క కాగితం మిగిలింది. చిమ్నీ ఏళ్లుగా ఇక్కడే ఉందని హాజరు పట్టీలోని నలభై మందీ వేలిముద్ర వెయ్యాలి. చదివి వినిపించాను. వరసగా వేశారు. బుధ్నీ చెయ్యి కొంగులో దాచుకుంది.

"వెయ్యవే, పొద్దుపోతోంది."

"నేను వెయ్యను సాహుజీ."

"ఏం, వేలికి బంగారం తొడగాలా?"

"ఆ చిమ్నీని ఈ భుజంతో లాగాను. కమిలింది ఇంకా తగ్గలేదు. అది కదల్లేదని ఏ వేలితో చెప్పమంటారు?"

గుడిసె ఖాళీ చెయ్యాలన్నాను. చేస్తానంది. ఈ ఏటి కూలి రాదన్నాను. దానికి మాత్రం కాసేపు నేల చూసింది, కానీ చెయ్యి బయటికి తియ్యలేదు. ఆమె మొగుడు ముందుకొచ్చి, దాని బదులు నా ఎడమ వేలు వేస్తాలే సాహుజీ అన్నాడు.

"వేసి చూడు. రేపు నేనే పోయి చెబుతా," అంది బుధ్నీ.

మొగుడు వేలు మడుచుకున్నాడు. అప్పటికే ముద్రలు వేసినవాళ్లలో ఒకడు తన వేలి సిరాను గోచీకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఇదీ ఆఖరి లెక్క. ఇటుక మూడు లక్షలు పోయింది. బట్టీ నా చేతిలోనే నిలిచింది. నేను ఇంకా ఇంట్లోనే ఉన్నాను, పదమ్ లాకప్పులో ఉన్నాడు. ముప్పై తొమ్మిది వేలిముద్రలు దక్కాయి. కమిటీ రేపు పది గంటలకు నలభై అడుగుతుంది.