గుట్ట మీద కల్లుపువ్వు

“ఆ బండ మొకాన యాసిడ్ పోయించింది నువ్వే తిక్కన్నా. ఎవురో పోసినారంటే నమ్మేకి ఈడెవురూ పసిబిడ్డలు లేరు.”

పంచాయతీ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్న సర్పంచ్ తిక్కయ్యను హులిగమ్మ నలుగురి ముందర నిలదీసింది. తిక్కయ్య కాదనలేదు. ఎవరో పెద్దలు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఊరి ముందరి రోడ్డు మీదుగా పోతారట. గుట్ట బండలన్నీ యాసిడ్‌తో కడిగించి, తెల్ల రంగేసి, వాటి మీద స్వాగతం అని రాయిస్తే ఊరికి అందమట. ముందు ఒక బండ మీద పోయించి చూశాడు. తోలు ఒలిచిన మేకలా తేలింది ఆ బండ. మిగతా వాటి పని సోమవారం.

బండల నిండా మచ్చలే, రాయికి గజ్జి పట్టింటే కడగొద్దా అని ఆయన నవ్వాడు. నవ్వి ఊరుకోక పందెం కూడా వేశాడు. ఆ గజ్జిని చూసి బాగుందనే పదిమందిని గుట్ట దగ్గర నిలబెడితే పని ఆపేస్తానన్నాడు. అరుగు మీది వాళ్లంతా నవ్వారు. హులిగమ్మకు రాళ్ల పిచ్చి అని ఊరందరికీ తెలుసు. పదిమంది కాదు గదా, మొగుడు బసన్న కూడా ఆమె వెంట గుట్టెక్కడు.

హులిగమ్మది నేతపని. మగ్గం దిగిందంటే, పోగులు చూసుకునే చిన్న భూతద్దం పట్టుకుని గుట్టెక్కుతుంది. బండకు ముక్కు ఆనించి ఆ అద్దంలోంచి చూస్తుంది. పసుపు చల్లినట్టు ఒకటి. కుంకుమ ఎండబెట్టినట్టు ఒకటి. బూడిదరంగు ఆకులు అంచులు పైకి లేపుకుని ఇంకొకటి. ఒక దానికి చిన్న చిన్న గిన్నెలు, ఇంకో దానికి గీసినట్టు నల్ల గీతలు. బళ్లో నేర్చింది ఏమీ లేదు. ఫోనులో చూసి, ఆదోని కాలేజీ పంతుళ్లను విసిగించి నేర్చింది. ఆ మచ్చలను పుస్తకాల వాళ్లు లైకెన్ అంటారు. అది మొక్క కాదు, ఒట్టి నాచూ కాదు. బూజూ పాచీ కలిసి చేసే కాపురం. బూజు ఇల్లు కడుతుంది, పాచి ఎండలో వంట చేస్తుంది. ఆమె పెళ్లయి వచ్చిన నాటికి గోరంత ఉన్న మచ్చ ఇప్పటికి అరచేయంత అయింది. దాన్ని తిక్కయ్య ఒక్క డబ్బాతో కాల్చేస్తాడట.

అరుగు దిగి ఆమె తిన్నగా చాటింపు వేసే గిడ్డయ్య దగ్గరికి పోయింది. ఆదివారం పొద్దున గుట్ట దగ్గర కల్లుపువ్వు చూపిస్తానని, అందరూ రావాలని చాటమంది. గిడ్డయ్య ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ఖాయం చేసుకున్నాడు. ఆ సాయంత్రం తప్పెట మోత ప్రతి సందూ తిరిగింది.

ఆదివారం తెల్లారేసరికి హులిగమ్మ గుట్ట కింద నిలబడి ఉంది. పదిమంది వస్తారా అని దారి వైపే చూస్తోంది. ఊరంతా వచ్చింది. చెంబులతో, గ్లాసులతో, ఒకడైతే బకెట్‌తో వచ్చాడు. ముసలి శేషన్న నంజుకోడానికి వేయించిన శనక్కాయలు కూడా తువ్వాలులో కట్టుకొచ్చాడు.

“కుండ యాడమ్మా?” అన్నాడు శేషన్న.

“ఏం కుండప్పా?”

“కల్లు కుండ. పువ్వంటే పైన నురగే కదా. మంచి సరుకని రాత్రంతా నిద్ర పట్టలే.”

అప్పుడు తట్టింది ఆమెకు. పుట్టిల్లు సిరుగుప్ప వైపు. ఆ కన్నడంలో కల్లంటే రాయి. వాళ్లమ్మ మసాలాలో నూరే రాతిపువ్వును కల్లుహూవు అనేది. ఇన్నేళ్ల కాపురంలో అన్ని మాటలూ మారాయి గానీ అదొక్కటీ నాలుక వదల్లేదు. ఇంట్లో వాళ్లకు అలవాటే. ఊరికి కాదు.

విషయం తెలిసి కొందరు గిడ్డయ్య మీద పడ్డారు, కొందరు కడుపు పట్టుకుని నవ్వారు. మిగతా వాళ్లు వెనక్కి తిరిగారు. పోతే రేపు యాసిడే. హులిగమ్మ అడ్డం పోయి శేషన్న చేతిలో చెంబు లాక్కుంది.

“తెచ్చిన చెంబులు ఊరికే పోనీకండి. తొట్టి కాడ నీళ్లు ముంచుకోని రాండి. బండ మీద పోసి చూడండి. బాగలేకుంటే నన్ను తిట్టి పోండి.”

పశువుల తొట్టిలో ముంచిన నీళ్లు మొదట శేషన్నే పోశాడు, సగం కోపంతో. ఎండకు ముడుచుకుని బూడిదలా పడున్న ఆకులు నీళ్లు తాగాయి. చూస్తుండగానే ఆకుపచ్చగా మారాయి. అంచులు మెత్తగా విచ్చుకున్నాయి. పక్కన కుంకుమ మచ్చ నిప్పులా మెరిసింది. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. తొట్టికీ గుట్టకీ వరస కట్టారు. ఈ బండ నాదంటే ఈ బండ నాదని ఆడవాళ్లు పోట్లాడుకున్నారు. నేతపని అద్దం చేతులు మారుతూ పోయింది. బూజు, పాచి కాపురం సంగతి చెబితే, ఆ పెళ్లి చేసిన పురోహితుడెవరని ఒకామె అడిగింది. ఆకుల మీద నల్ల చుక్కలేమిటని బసన్న అడిగాడు. మొగుడు అడిగిన మొదటి ప్రశ్న అదే. అది ఇంకో రకం బూజని, ఈ కాపురంలో అద్దెకు దిగిందని హులిగమ్మ చెప్పింది.

“బాడిగ కడతాదా?”

“కట్టదు. మీ తమ్ముని మాదిరి.”

గుట్టంతా నవ్వింది.

ఆ నవ్వుల్లోకి తిక్కయ్య ఆటో వచ్చింది, వెనక యాసిడ్ డబ్బాలతో. ఒకరోజు ముందే దింపిద్దామని తెచ్చాడు. తడిసి పచ్చబడ్డ గుట్టను, దాని చుట్టూ ఊరిని చూసి ఆటో దిగాడు. వీళ్లంతా కల్లు కోసం వచ్చినోళ్లు, పందెం లెక్కలోకి రారన్నాడు.

“వచ్చింది కల్లుకే,” అన్నాడు శేషన్న శనక్కాయ నోట్లో వేసుకుంటూ. “నిలబడింది దీనికి.”

హులిగమ్మ ఆటోకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనక చెంబులన్నీ నిలబడ్డాయి.

“డబ్బాలు దించొద్దు, ఆటో తిప్పు. స్వాగతం రాయాలంటే రేకు మీద రాసి రోడ్డు పక్కన నిలబెట్టు. ఈ గుట్ట మీద యాసిడ్ గానీ రంగు గానీ సుత్తి గానీ పడకూడదని పంచాయతీలో తీర్మానం చెయ్యి. రేపు మాపు అనద్దు తిక్కన్నా. ఇప్పుడే, ఈడనే, మా అందరి ముందర సెప్పు.”