పట్టుకున్న చెయ్యి

మాది మాంసం కొట్టు. మా ఆవిడ కొడుతుంది, నేను పట్టుకుంటాను. పెళ్ళైన కొత్తలో నేనే కొట్టేవాణ్ణి. ముక్కలో ఎముక పొడి తగులుతోందని జనం గొణిగితే కత్తి ఆవిడ తీసుకుంది. ఆవిడ "పట్టు" అంటుంది, నేను పట్టుకుంటాను. పదిహేనేళ్ల కాపురంలో ఇంతకన్నా పెద్ద మాట మా మధ్య లేదని గిట్టనివాళ్లు అంటారు.

ఆదివారం చర్చి ఆరాధనలో, ఈమధ్యే జైలు నుంచి వచ్చిన మెకానిక్ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. తొమ్మిదేళ్ల కిందట, తాగినప్పుడు మాటా మాటా పెరిగి, లారీ నడిపే మా బావమరిదిని స్పానరుతో కొట్టి చంపినవాడు. తల ఎలా ఉందో నేను చూశాను. మా ఆవిడ కడిగింది.

"లోకం పుట్టకముందే నా రక్షణ దేవుడు నిర్ణయించాడు. ఆ రోజు నా చెయ్యి లేపింది ఆయనే. లేకపోతే నేను జైలుకి పోయేవాణ్ణి కాదు, ఆయన్ని తెలుసుకునేవాణ్ణీ కాదు" అన్నాడు.

జనం స్తోత్రం అన్నారు. పాస్టరు గారూ అన్నారు, కాస్త ఆలస్యంగా. మా ఆవిడ ఇంటికొచ్చి కత్తి నూరింది.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని మెకానిక్ కొట్లోకొచ్చాడు.

"వందనాలక్కా. జరిగినదానికి క్షమించమని అడుగుదామని."

"జరిగిందా? వాన పడ్డట్టు జరిగిందా?"

"దేవుడి చిత్తం లేకుండా ఏదీ జరగదక్కా."

"అయితే నువ్వు పరలోకానికి పోవడానికి నా తమ్ముడు నిచ్చెనన్నమాట."

ఆ మాటతోనే ఆవిడ పిడికిలి పడింది. పెదవి చిట్లి అతను మాంసం కొట్టే మొద్దు మీదికి ఒరిగాడు.

"పట్టు" అంది.

నేను అతని మణికట్టు మొద్దుకేసి అదిమాను.

"నా తమ్ముణ్ణి ఎవరు కొట్టారు?"

"దేవుడు..."

కత్తి మొండి వైపు అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు కొత్త కాదు. అంత దగ్గర్లో మనిషి అరవడం కొత్త.

"ఎవరు?"

"సైతానక్కా, సైతాను!"

"వాడూ వచ్చాడా? ఇంకెవరెవరున్నారో పిలువు."

ఈసారి పదును వైపు పడింది. చిటికెనవేలు తెగి నా కాళ్ల దగ్గర పడింది. నెత్తురు నా మోచేతుల దాకా చిమ్మింది. కత్తి మళ్ళీ లేచింది.

"ఒక్క దెబ్బకే పడిపోయాడక్కా" అన్నాడు, ఏడుస్తూ. "నేను స్పానరు కింద పెట్టేశాను. చేతులు తుడుచుకున్నాను. వాడు కళ్ళు తెరిచి, నీళ్లియ్యరా అన్నాడు. మళ్ళీ తీశాను. ఎవరూ తీయించలేదు. నేనే తీశాను."

ఈ మాట కోర్టులో కూడా రాలేదు.

కత్తి గాల్లోనే ఉంది. ఆవిడ చాలాసేపటికి దాన్ని గోడకేసి విసిరి కొట్టింది. తన కొంగు చింపి అతని చేతికి గట్టిగా చుట్టింది. ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి పోయాం. 

పోలీసాయన కంటే ముందే పాస్టరు గారు వచ్చారు. "కత్తి జారిందని చెప్పండి. ఇంతటితో ఆపింది దేవుడే" అన్నారు.

మెకానిక్ పోలీసాయనతో, "నేనే చెయ్యి అడ్డం పెట్టానండీ" అన్నాడు.

"మళ్ళీ మొదలెట్టావా?" అంది మా ఆవిడ. "కొట్టింది నేను. రాసుకోండి."

"మరి ఆపిందెవరమ్మా?" అన్నారు పాస్టరు గారు, మెల్లగా.

"ఆయన సంగతి ఆయన్నే అడుగుతాను. ఇక్కడ అడిగింది నన్ను."

పోలీసాయన నా వైపు తిరిగాడు. "నువ్వెందుకు పట్టుకున్నావయ్యా?"

ఆవిడ "పట్టు" అందండీ అని నోటిదాకా వచ్చింది. మంచం మీంచి మెకానిక్ నన్నే చూస్తున్నాడు.

"నేనే పట్టుకున్నానండీ."

"వదిలెయ్యొచ్చు కదా?"

"వదలొచ్చు" అన్నాను.