తువ్వాళ్ళ గది

ఆరబెట్టే యంత్రం తలుపు తీసి, సెగలు కక్కుతున్న తువ్వాళ్ళను ఆమె ఒళ్ళోకి లాక్కుంది. టెన్నిస్ ఆటగాళ్ళవీ ఆటగత్తెలవీ ఒకే కుప్ప.

"చెమటకి ఆడా మగా ఏంటమ్మాయ్, ఉప్పు ఉప్పే," అన్నాడు అవతల బల్ల దగ్గర ఇస్త్రీ బాబాయి.

ఆమె నవ్వలేదు. చెవులు రెండూ గోడ మీది స్పీకరు మీదే ఉన్నాయి.

స్టేడియం కింద, కిటికీ లేని ఈ గదిలోనే కూతుర్ని పెంచింది. తువ్వాళ్ళ గంపలో నిద్రపోయిన పసిది, పైన పారేసిన బంతులు ఏరుకుని ఆట నేర్చింది. నిన్న అర్హత పోటీ ఆఖరి మ్యాచ్‌లో ఓడింది. అయినా అసలు పోటీ నుంచి ఎవరైనా తప్పుకుంటే ఆ చోటు మొదట ఈ పిల్లదే. స్పీకర్లో పిలిచిన వెంటనే వెళ్ళాలి, లేదంటే తర్వాతి పిల్లకి ఇచ్చేస్తారు. ర్యాంకు అడుగంటింది. ఈసారి కాకపోతే ఇక ఆట లేదు.

పొద్దుటినుంచి పైన కాచుకుని కూర్చున్న పిల్ల కుంటుకుంటూ దిగివచ్చింది.

"కాసేపు నడుం వాలుస్తానమ్మా. పిలిస్తే లేపు."

"ఏమన్నా తిన్నావా?"

"తర్వాత. లేపడం మాత్రం మర్చిపోకే."

వెచ్చని కుప్ప మీద వాలగానే నిద్రపట్టేసింది. కుడి మోకాలు ముంతలా ఉబ్బి ఉంది. పైనున్న ఆ గట్టి నేల మీద ఇంకొక్కసారి మెలిపడితే జీవితాంతం చేతికర్రే గతి అన్నాడు డాక్టరు. పిల్ల తుమ్మితే తనకు జ్వరం వచ్చే మనిషి ఆమె. ఆ మాట విన్ననాటినుంచి కళ్ళు మూస్తే కర్ర చప్పుడే.

స్పీకరు గరగరలాడింది. కూతురి పేరు. మళ్ళీ కూతురి పేరే.

ఆమె చెయ్యి పిల్ల భుజం దాకా వెళ్ళింది. చూపు మోకాలి మీద పడింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆగి ఉన్న యంత్రాలు రెండూ ఖాళీగానే తిప్పింది. స్పీకరు మాట మునిగిపోయేలా గదంతా హోరు.

"తప్పు అమ్మాయ్," అన్నాడు బాబాయి మెల్లగా.

"నువ్వూరుకో బాబాయ్. కాలంటూ ఉంటే ఏదో ఒకటి చేసుకు బతుకుతుంది."

పిల్ల లేచేసరికి యంత్రాలు ఆగిపోయి, పైన చప్పట్లు మోగుతున్నాయి.

"పిలిచారా?"

బాబాయి తల వంచుకున్నాడు. తల్లి మడత మీద మడత వేస్తూనే ఉంది. పిల్ల మూలనున్న తల్లి చెప్పులు తొడుక్కుంది.

"నా వెనక రాకు. ఇంటికీ రాను."

మెట్ల మీద ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చినట్టుగా పైకెళ్ళి, జనం సందడిలో కలిసిపోయింది.

కుప్ప పక్కన పిల్ల బూట్లు ఉన్నాయి. జారి జారి బొటనవేలి దగ్గర అడుగు అరిగిపోయి, ముడి విప్పకుండానే లాగేసిన బూట్లు.