సిస్టర్ లబీబెకు తెలిసిన పేర్లు

ఆగస్టు నెలాఖరు. బడి తెరవడానికి ఇంకా నెల ఉంది. సిస్టర్ లబీబె ఆఫీసు గదిలో కూర్చుని కొత్త టైంటేబుల్‌కి గీతలు కొడుతుంటే కింద రోడ్డు మీద జీపు ఆగింది. క్రైస్తవులకీ ద్రూజు మతస్థులకీ పోరు నడుస్తున్న ఆ వేసవిలో జీపు ఆగిందంటే లెబనాన్ కొండల్లో ఏ ఊళ్లోనైనా కిటికీలు మూసుకునేవి. ఆమె మాత్రం గీత పూర్తి చేసి, స్కేలు పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది.

వచ్చింది తన్యూస్. ఇరవై ఏళ్ల కిందట ఆమె దగ్గరే ఐదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు భుజాన తుపాకీ, మెడలో మేరీమాత పతకం. చిన్నప్పటిలాగే, రమ్మనేదాకా గుమ్మం దాటలేదు.

"రారా. కాఫీ తాగుతావా?"

"వద్దు సిస్టర్. పిల్లల్ని చేర్చుకున్నప్పుడు పేర్లు రాస్తారే, ఆ పుస్తకం కావాలి."

"నీకెందుకురా? పదమూడో ఎక్కం చెప్పమంటే బల్ల కింద దూరేవాడివి. ఇప్పుడు చదువు మీద మనసైందా?"

వాడు నవ్వబోయి మానుకున్నాడు. "ద్రూజుల పిల్లలెవరో, వాళ్ల నాన్నల పేర్లేంటో, అది కావాలి. దొంగ గుర్తింపు కార్డులు పట్టుకుని, మేమూ క్రైస్తవులమేనంటూ మా చెక్‌పోస్టు దాటేస్తున్నారు. అడిగేది నేను కాదు, పైవాళ్లు. రేపు పొద్దున్నే వస్తా. మీరే ఇస్తే మర్యాదగా ఉంటుంది."

జీపు వెళ్లాక ఆమె బీరువా తీసింది. ముప్పై నాలుగేళ్ల పేర్లు, అన్నీ తన చేతిరాతే. వాటిలో సగం పేర్ల కోసం ఆమె కొండలెక్కి ఇళ్లకు వెళ్లింది. ద్రూజ్ రైతు నాయిఫ్ గడప అయితే మూడుసార్లు తొక్కింది. మూడుసార్లూ వాళ్లిచ్చిన మాతే ఆకుల టీ తాగింది. మూడోసారి ఆ మనిషి, "మీ కాళ్లరిగిపోయేలా ఉన్నాయి సిస్టర్, తీసుకెళ్లండి" అని కూతురు హియామ్‌ని ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఆమె వంటింట్లో రొట్టెల పొయ్యి ముందు కూర్చుని, పుస్తకాన్ని ఒక్కో కాగితం చింపి మంటలో వేసింది. రేపు ఏ పిల్లయినా పైచదువుకి సర్టిఫికెట్ కావాలంటే ఇవ్వడానికి ఇక ఏ ఆధారమూ లేదు. అట్టలు కూడా కాలేదాకా ఆమె లేవలేదు.

మర్నాడు తన్యూస్ వచ్చాడు.

"కాల్చేశాను," అంది.

వాడికి కోపం రాలేదు. ఆమెకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

"పోతే పోయిందిలెండి," అన్నాడు. "మీరున్నారుగా. ఏ పిల్ల ఎవరి కూతురో మీకు నోటికొచ్చు. పదండి, కాసేపు మాతో కూర్చుందురుగాని." వినయంగా జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. వెనక సీట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లెవరో ఆమెకు తెలియదు.

చెక్‌పోస్టు దగ్గర దేవదారు నీడలో ఆమెకు కుర్చీ వేశారు. బండి ఆగినప్పుడల్లా తన్యూస్ కార్డు చూసి, ఆమె వైపు తిరిగి, "తెలుసా?" అనేవాడు. ఆమె "తెలియదు" అనేది. మొదటి నాలుగు బళ్లకీ అది నిజమే. ఐదో బండికి అబద్ధం. మధ్యలో వాడు అత్తిపండు ఒలిచి ఇస్తే తీసుకుంది కానీ తినలేకపోయింది. పండు చేతిలోనే చితికిపోయింది.

పదకొండింటికి తెల్ల పెజో కారొకటి వచ్చింది. నడుపుతున్నది నాయిఫ్. మీసం తీసేశాడు. పక్కన భార్య, ద్రూజు ఆడవాళ్లందరిలా ఎప్పుడూ తలనిండా ఉండే తెల్ల ముసుగు లేదు. ఆవిడ జుట్టు నెరిసిందని సిస్టర్ లబీబెకు అంతవరకూ తెలియదు.

"క్రైస్తవుడేనట, పేరు జిర్జిస్ అట," అన్నాడు తన్యూస్ కార్డు తిప్పుతూ. "తెలుసా?"

"తెలియదు. ఎప్పుడూ చూడలేదు."

వాడు కార్డు తిరిగివ్వబోయాడు. నాయిఫ్ చెయ్యి చాచాడు. అప్పుడు వెనక కిటికీ అద్దం దిగింది.

"సిస్టర్! నేను, హియామ్‌ని! సెలవుల లెక్కలన్నీ చేసేశా!"

తల్లి వెనక్కి తిరిగి పిల్ల నోరు మూసేసరికే ఆలస్యమైపోయింది. తన్యూస్ పిల్లను చూడలేదు. సిస్టర్‌నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, "దిగన్నా," అన్నాడు నాయిఫ్‌తో.

ఆమె లేచి కారు తలుపుకు అడ్డం నిలబడింది. "ఒరేయ్, నీకు అక్షరాలు దిద్దించిన చేతులురా ఇవి. వదిలెయ్."

"ఎండగా ఉంది, కూర్చోండి సిస్టర్." వాడు చూపు తిప్పుకున్నాడు. జీపులో వచ్చిన ఇద్దరూ అప్పటికే ఆమెను పక్కకు తప్పించారు. నాయిఫ్ భార్యతో, "పిల్లని పట్టుకో," అని మాత్రం అన్నాడు. అతన్ని చెట్ల వెనక్కి తీసుకెళ్లారు. కారు వాళ్లే ఉంచుకున్నారు. ఆడవాళ్లని నడిచి పొమ్మన్నారు.

బడికి గంట నడక. తల్లి అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. పిల్ల చెయ్యి సిస్టర్ లబీబె పట్టుకుంది. ప్రతి మలుపులోనూ వెనక నుంచి ఏం వినిపిస్తుందోనని ఆమె చెవులు రిక్కించుకుని నడిచింది. చిమ్మెటల రొద తప్ప ఏమీ వినిపించలేదు. ఆ రోజు నాయిఫ్ రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

సగం దారిలో హియామ్ అడిగింది. "నన్ను నిజంగా గుర్తుపట్టలేదా సిస్టర్?"

"పట్టానమ్మా."

"మరి తెలియదన్నారేం?"

"నోర్ముయ్యవే," అంది తల్లి, ఏడవకుండా.

సిస్టర్ లబీబె ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.