మీ మామయ్యకి చేయించని పరీక్ష

ఇటు జరుగు తల్లీ, ఇంకాస్త. డాక్టరు రాసిచ్చిన ఆ కాగితం పక్కన పెట్టు. మాత్రలా, ఐయూఐయా, ఐవీఎఫ్ఫా అని పొద్దున్నుంచీ నీలో నువ్వే నలుగుతున్నావు. మీ ఆయన పరీక్ష చేయించుకున్నాడా అంటే మాత్రం మొహం తిప్పేసుకున్నావు. అందుకే పిలిచాను. నా కోడలికి, అదే మీ అత్తకి, పిల్లలు ఎందుకు లేరో నీకు తెలుసా? తెలీదు. నీకు తెలిసింది నేను చెప్పిన ముక్క.

అప్పటికి మీ అత్తకి ముప్పై నాలుగు. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. ఇరవై పొరల గుడ్డ ఒక్కసారే కోసేది, ఒక్క చొక్కాకీ పావు అంగుళం తేడా వచ్చేది కాదు. మీ మామయ్యేమో బేకరీలో, రోజంతా ఆ పెద్ద పొయ్యి ముందు. పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరితే నేనూ చెప్పులు వేసుకున్నాను. నన్నెవరూ రమ్మనలేదు లే.

డాక్టరమ్మ మంచి మనిషి, నాకు కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. మాత్రలు వేసుకుని అండం ఎదిగే రోజులు చూసుకోవడం ఒక దారి. మొగుడి వీర్యాన్ని శుభ్రం చేసి సన్నటి గొట్టంతో గర్భసంచిలో వదలడం ఐయూఐ. అండాలు బయటికి తీసి, ల్యాబులో కలిపి, మళ్ళీ లోపల పెట్టడం ఐవీఎఫ్. "ఈవిడకి అండాలు తక్కువున్నాయి. ఏడాదికి మించి ఆలస్యం చేయకూడదు. ఏ దారో ఈయన వీర్యపరీక్ష చూశాకే చెప్పగలను. చేయించారా?" అంది.

మీ మామయ్య చేతిమీద కాలిన మచ్చ గోక్కుంటూ కూర్చున్నాడు. వాడు నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. "బయట చేయించాం డాక్టరమ్మా, బ్రహ్మాండంగా ఉందన్నారు. కాగితమే ఎక్కడో పోయింది."

"మళ్ళీ చేయించి తీసుకురండి" అని మాత్రలు రాసిచ్చింది.

ఇంటికొచ్చాక మీ అత్త వంటింట్లో నన్ను నిలేసింది. "ఎప్పుడు చేయించారు అత్తయ్యా? కొలత చూడకుండా నేను గుడ్డ మీదే కత్తెర పెట్టను. నా ఒంటి మీద పెట్టమంటారా?"

"నా కొడుకు మగతనానికి టేపు పెడతావా? ముందు నీ కడుపు సంగతి చూసుకోవే" అన్నాను. నవ్వాను కూడా. ఆ రోజు ఇంట్లోనే ఉన్న మీ అమ్మా నవ్వింది, కావాలంటే అడుగు. మీ మామయ్య నవ్వలేదు. ఆ తర్వాత ఆమె వాడిని ఎంత బతిమాలినా, "అమ్మ చెప్పింది కదా" అని పొయ్యి దగ్గరికి పోయేవాడు.

ఏడాది దాటింది. ఆ మాత్రలకి తలనొప్పి, ఒళ్ళంతా ఆవిర్లు. పక్కమీంచి లేవలేని రోజుల్లో కూడా కార్ఖానాకి వెళ్ళేది. నెల తప్పలేదని తెలిసిన ప్రతిసారీ, "ఈ నెలా దండగేనా?" అని అందరికీ వినబడేట్టు అడిగేదాన్ని. డాక్టరమ్మ కాగితం అడిగితే, "వచ్చే నెల" అనేదాన్ని.

చివరికి ఐయూఐ అన్నారు. దానికి మీ మామయ్య వీర్యం ఇవ్వక తప్పలేదు. మీ అత్త లోపల బల్ల మీద పడుకుని ఉంది. డాక్టరమ్మ ల్యాబులోంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. "వెతికితే నాలుగైదు కణాలున్నాయి. అవీ కదలడం లేదు. దీనికి ఐయూఐ పనికిరాదు. బాగుందని నాకు చెప్పిందెవరు? మొదటిరోజే తెలిస్తే నేరుగా ఐవీఎఫ్ చేసేదాన్ని."

మీ అత్త తల తిప్పి నన్ను చూసింది, అంతే.

ఐవీఎఫ్ కూడా చేశారు. అన్ని సూదులు పొడిస్తే ఒక్క అండం వచ్చింది. అదీ కలవలేదు. "ఏడాది ముందు చేసుంటే నిలిచేదని ఖాయంగా చెప్పలేను, కానీ అవకాశం ఉండేది. ఇప్పుడు అదీ లేదు" అంది డాక్టరమ్మ.

మీ అత్త ఏడవలేదు. వరండాలో నా పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఇక నుంచి ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. నన్ను గొడ్రాలని అనకండి. ఇంకేమీ అడగను" అంది. సరేనన్నాను.

వారం తిరక్కుండా మీ ఇంట్లోనే చుట్టాలు కూడారు. ఎవరో అడిగారు. మీ అత్త కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది, నా మొహంలోకే చూస్తూ. నేనేమన్నానో తెలుసా? "దానికి అండాలే లేవట. నా కొడుకు ఖర్మ" అన్నాను. అబద్ధం కూడా కాదు చూడు! అదీ నా తెలివి.

ఆమె గ్లాసులు కింద పెట్టి వెళ్ళిపోయింది. కార్ఖానా ఎదురుగా గది తీసుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంటోంది. మీ మామయ్య వీధి చివరిదాకా వెనకాలే వెళ్ళి, తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాడు. నేనే వడ్డించాను.

నువ్వు మాత్రం మీ ఆయన్ని రేపే పంపు. అలిగితే అలగనీ. వాళ్ళమ్మ అడ్డొస్తే నా దగ్గరికి తీసుకురా.

ఇది మర్చిపోకు తల్లీ. నలుగురిలో నేను చెప్పలేను. కొడుకు ఎదురుగా ఉంటే ఇప్పటికీ నా నోరు వాడికే కాపలా కాస్తుంది. నువ్వు చెప్పు. చుట్టాలంతా ఉన్నప్పుడు, మీ అత్తనీ పిలిపించి, ఆమెకి వినబడేట్టు చెప్పు. చేసింది మా అమ్మమ్మే అను. నేను అక్కడే కూర్చుని కాదన్నా సరే, ఆపకుండా చివరిదాకా చెప్పు.