ఉడత ఊదిన దుమ్ము

ఎండపొడలో దుమ్ము తేలుతోంది.

పచ్చటి దుమ్ము. సన్నటి దుమ్ము. పిండి జల్లిస్తే లేచేంత మెత్తటి దుమ్ము.

ఉఫ్.

పెద్దమ్మ ఉప్పు కాగితం మడిచి చెక్క మీద నాలుగుసార్లు గరగరా రుద్దుతుంది. ఆపుతుంది. ఉడత బుగ్గలు పూరించి ఊదుతుంది.

మళ్ళీ రుద్దుడు. మళ్ళీ ఉఫ్.

అదీ వాళ్ళ మధ్యాహ్నాల ఆట.

ఉడత అంటే చెల్లెలి కూతురు. మూడేళ్ళు నిండని పిల్ల. అసలు పేరు ఒకటుంది కానీ, బడిలో వేసేనాటికి పనికొస్తుందని దాచిపెట్టారు. చేతికి ఏది దొరికితే అది కొరికి చూస్తుందని ఉడత. చెల్లెలు పనికి పోతూ పిల్లని అక్క దగ్గర దింపిపోతుంది, సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. అక్కకి పిల్లల్లేరు. ఎందుకు లేరని అడిగే నోళ్ళు అడిగి అడిగి అలిసి ఊరుకున్నాయి.

ఆ మధ్యాహ్నాలే ఆమె సంసారం.

కుర్చీ పాత సామాన్ల కొట్టులో కనబడింది. పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీ. విరిగిన మంచాల కింద కాళ్ళు పైకి పెట్టుకుని పడి ఉంది. పచ్చరంగు పెచ్చులు లేచి, ఒక కాలు ఊగుతూ... అయినా చెక్క గట్టిది. ఇప్పుడిలాంటివి ఎక్కడ దొరుకుతాయమ్మా, తాతల నాటి రంగు, ఇంకా మెరుస్తోంది చూడండి అన్నాడు కొట్టువాడు. నిజమే, మెరుస్తోంది.

ఆమె దాన్ని చంకన పెట్టుకుని తెచ్చింది. దారంతా పిల్లని ఎత్తుకున్నట్టే ఉంది.

ఊగే కాలికి జిగురు పెట్టి, తాడు బిగించి ఆరనిచ్చింది. ఆ తర్వాత రంగు గీకడం మొదలుపెట్టింది. పచ్చ కింద తెలుపు. తెలుపు కింద ఎరుపు. దీంట్లో ఎంతమంది పిల్లలు కూర్చుని లేచారో, వాళ్ళ కోసం ఎవరెవరు కూర్చుని రంగులు వేశారో... ఆమె చెయ్యి ఆగేది కాదు.

దుమ్ము పక్కింటివాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద పడుతుందని కిటికీ మూసేసేది. ఒకరిచేత మాట పడే మనిషి కాదు మరి.

మూసిన కిటికీ అద్దంలోంచి ఎండ పడేది. ఆ ఎండలో దుమ్ము ఎగిరేది. ఉడత దాన్ని గుప్పిట్లో పట్టబోయేది, దొరక్క నవ్వేది, నవ్వి మళ్ళీ ఊదేది. ఊది తుమ్మేది. చిరంజీవ, నూరేళ్ళు... అని దీవించి పెద్దమ్మ మళ్ళీ రుద్దేది.

ఉడతాభక్తి అంటే ఇదేనే తల్లీ, అని మురిసిపోయేది.

కుర్చీ చేతులు మాత్రం గీకలేదు. ఉడత గీకనివ్వలేదు. ఆ పచ్చ తనదంది. సరే నీదే, ఎవరు కాదన్నారు అంది పెద్దమ్మ.

ఒకనాడు చూస్తే, ఆ పచ్చని నాకుతోంది.

"పెద్దమ్మా, తియ్యగా ఉంది."

పెద్దమ్మ పగలబడి నవ్వింది.

ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం చెల్లెలు రాగానే చెప్పేసింది — నా చేతిపని తియ్యగా ఉంటుందటే, నీ కూతురు చెప్పింది, నా వంటని మాత్రం ఏనాడూ ఆ మాట అన్న పాపాన పోలేదు అని. చెల్లెలు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి నవ్వింది. ఇద్దరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి.

తర్వాత ఆ సంగతే మర్చిపోయారు.

పిల్లకి కడుపునొప్పి మొదలైంది. ముద్ద చూస్తే మొహం తిప్పేసుకుంటోంది. పెంకితనం అనుకున్నారు. ఊరికే ఏడుస్తోంది. గారం ఎక్కువైందనుకున్నారు. వచ్చిన మాటలు ఒకటొకటే పోతున్నాయి. తలుపు, గిన్నె, పిల్లి... అన్నీ అనేది. ఇప్పుడు వేలు చూపిస్తుంది, అంతే.

వైద్యురాలు రక్తం తీయించింది.

రక్తంలో సీసం ఉంది.

"ఇంట్లో పాత రంగులేమైనా గీకారా?" అంది.

అక్క చెల్లెలి వైపు చూడలేదు. చెల్లెలు అక్క వైపు చూడలేదు.

వైద్యురాలు మామూలు గొంతుతో చెప్పుకుపోతోంది. వెనకటి రంగుల్లో సీసం కలిపేవాళ్ళు. గీకితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది, చేతులకు అంటుకుని కడుపులోకి పోతుంది. పసిపిల్లల మెదడుకి మంచిది కాదు. కొంచెం తీపి కూడా ఉంటుంది, అందుకే నాకుతుంటారు. ముందు పిల్లని ఆ చోటికి దూరంగా ఉంచండి, కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం చూద్దాం. పోయిన మాటలు తిరిగొస్తాయా అని చెల్లెలు అడిగింది. చూద్దాం, అంది.

తీపి.

అక్క ఏడవలేదు. ఇప్పుడు ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు.

ఇంటికొచ్చి కిటికీ తెరిచింది. చేతులు కాలాక ఆకులు. తడిగుడ్డతో నేల తుడిచింది. గోడలు తుడిచింది. గుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. మరిది, ఉడత తండ్రి, వచ్చి కుర్చీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పట్టుకుపోయాడు. ఎక్కడికని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మధ్యాహ్నాలు వస్తున్నాయి. పిల్ల రావడం లేదు.

నేల తుడుస్తుంది. కూర్చుంటుంది. లేచి నేల తుడుస్తుంది.

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మీరూ రక్తం చూపించుకోండి అని ఆ రోజే అంది వైద్యురాలు. చూపించుకోలేదు. తిమ్మిరి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు.

ఆకలేస్తే తింటుంది. ఏం తిన్నదీ తెలియదు. చెల్లెలు ఒక్క మాటంటే బాగుండు. నా పిల్లని పాడుచేశావే అని జుట్టు పట్టుకుంటే ఇంకా బాగుండు. చెల్లెలు ఫోన్లో చక్కగా మాట్లాడుతుంది. తిన్నావా అక్కా, అంటుంది. తిన్నానే, అంటుంది ఈమె.

ఇవాళ గుమ్మంలో చెప్పుల చప్పుడు.

చెల్లెలు. చంకలో ఉడత. రెండోసారి రక్తం ఇచ్చి అటునుంచి అటే వచ్చారట. ఫలితం ఇంకా తెలియదట. పిల్ల మోచేతి మడతలో చిన్న దూది అంటించి ఉంది.

రండి లోపలికి, అనలేకపోయింది అక్క. చెల్లెలూ గడప దాటలేదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు... గుమ్మానికి చెరోవైపు అతిథుల్లా నిలబడ్డారు.

చెల్లెలు పిల్లని ఇంకో చంకకి మార్చుకుంటూ అంది.

"నువ్వు చెప్పావు కదక్కా, తియ్యగా ఉందందని. నేనూ నవ్వాను."

అంతే.

ఇన్నాళ్ళూ ఆ బరువు తనొక్కతే మోస్తున్నాననుకుంది అక్క. చెల్లెలూ మోస్తోంది. పంచుకుంటే తగ్గాలి కదా. తగ్గలేదు — రెండైంది.

ఉడత తల్లి చంకలోంచి జారి దిగింది. గది మధ్యకి నడిచింది. కుర్చీ ఉండే చోటు చూసింది. వేలు చూపించింది. పెద్దమ్మ వైపు తిరిగి పెదవులు కదిపింది... మాట రాలేదు.

కుర్చీ, అని అందించబోయింది పెద్దమ్మ.

తెరిచిన కిటికీలోంచి ఎండ. ఎన్నిసార్లు తుడిచిన గది అది! అయినా ఎండపొడలో దుమ్ము తేలుతోంది. ఆ దుమ్మో, వీధి దుమ్మో — ఎవరు చెప్పగలరు?

ఉడత దాన్ని చూసింది. చాలా రోజులకి నవ్వింది.

బుగ్గలు పూరించింది.

పెద్దమ్మ చెయ్యి చాచింది, ఆ చిన్ని నోటిని మూయాలని. రంగు గీకింది ఆ చెయ్యేనని గుర్తొచ్చింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

ఉఫ్.